వంత పాడే సగం

సువార్తక్క మెదడులో కుడిపక్క నోరు మూయించిన రోజున నేను అక్కడే ఉన్నాను. మూయించింది పరాయివాళ్లెవరో కాదు, ఆమె కన్నకూతురే. అప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

ముందు మేమెవరమో చెప్పాలి. మాది రేపల్లె దగ్గర బుర్రకథ దళం. తలపాగా చుట్టి, తంబురా భుజాన వేసుకుని, వేళ్లకు అందెలు తొడుక్కుని మధ్యలో కథ చెప్పేది సువార్తక్క. కుడిపక్క డక్కీ వాయిస్తూ లోకజ్ఞానం మాట్లాడేవాడు అంజియ్య. ఎడమపక్క డక్కీతో పిచ్చి ప్రశ్నలు వేసి జనాన్ని నవ్వించేవాణ్ణి నేను, షేక్ సైదా. కథకురాలు ఒక చరణం అనగానే మేమిద్దరం 'తందాన తాన' అని వంత పాడాలి. చూసేవాళ్లకు అదేం పనిలే అనిపిస్తుంది. ఆమె ఊపిరి తీసుకునే జాగాలోకి మా గొంతు సరిగ్గా వచ్చి పడాలి. ముందొస్తే ఆమె మాటను తొక్కేస్తాం, ఆలస్యమైతే ఆమె గాల్లో నిలబడిపోతుంది. నా బతుకంతా ఆ జాగాలోనే గడిచిపోయింది. కొంపాగోడూ అక్కడే కట్టుకోకపోయావా అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

మా దళానికి పేరు తెచ్చింది గంగిరేవు కథ. అక్క సొంతంగా కట్టుకున్నది. వరదలో చిక్కుకున్న లంక జనాన్ని పడవ రత్తి అనే ఆవిడ ఒక్కతే రేవు దాటిస్తుంది. అందరూ గట్టెక్కాక, ఇంకా ఎవరో మిగిలిపోయారని అవతలి నుంచి కేక వినబడుతుంది. రత్తి పడవను వెనక్కి తిప్పుతుంది. అక్కడినుంచి ఏమవుతుందో మాకూ తెలియదు. ఆ పూట ఎదురుగా కూర్చున్న జనాన్ని చూసి అక్క ముగింపు అప్పటికప్పుడు అల్లేది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు వరసలో ఉంటే ఆ పూట రత్తి చేతికి పసిగుడ్డు దొరికేది. పొలం గట్టు కోసం తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు చెరో మూల కూర్చుంటే, ఒకే చూరు పట్టుకుని వేలాడుతున్న అన్నదమ్ములు పడవెక్కేవాళ్లు. వాళ్ల సంగతి అక్కకు ఎవరూ చెప్పి ఉండరు. మనిషి కూర్చున్న తీరు చూసి పట్టేసేది.

డెబ్బై దాటాక అక్కకు మాటలు తప్పిపోవడం మొదలైంది. ఉప్పుడబ్బా, పక్కింటామె పేరు లాంటివి పోయినా ఫరవాలేదు. కానీ పడవ వెనక్కి తిప్పే చోటికి రాగానే ఆగిపోయేది. నోరు తెరిచే ఉండేది, మాట వచ్చేది కాదు. నేనేదో పిట్టకథ అందుకుని, అంజియ్య మంగళం పాడేసి, ఎట్టాగో పరువు కాపాడుకునేవాళ్లం. ఇంటికొచ్చాక అక్క తంబురా గోడకు తగిలించి, "రత్తిని మళ్లీ నీళ్లల్లోనే వదిలేసొచ్చాను రా సైదా" అనేది. రెండేళ్లుగా రత్తి నది మధ్యలోనే ఉండిపోయింది.

అక్క కూతురు కరుణ విజయవాడలో బందరు కాలువ పక్కన మెదడు పరిశోధనశాల నడుపుతుంది. చిన్నప్పుడు మా ప్రదర్శనల్లో డక్కీల సంచి మీద పడుకుని నిద్రపోయిన పిల్ల. ఇప్పుడు ఆమె ముందు పెద్ద పెద్ద డాక్టర్లు చేతులు కట్టుకుంటారు. అమ్మ కథ ఆగిపోవడం చూసి తట్టుకోలేక, మా ముగ్గుర్నీ కారెక్కించి తీసుకుపోయింది.

అక్కడ గోడంత తెర మీద ఒక మెదడు బొమ్మ చూపించింది.

"ఇది మా దగ్గర చదువుకునే అబ్బాయిది మావయ్యా. కావలసిన మాట వెతుక్కుంటున్నాడు. చూడు, విద్యుత్తంతా ఎడమ సగంలోనే. కుడి సగం గమ్మునుంది. ఇప్పుడు అమ్మది చూడు."

అక్క మెదడులో రెండు సగాలూ వెలుగుతున్నాయి. నాకైతే అదే బాగున్నట్టు అనిపించింది గానీ, చదువుకున్న పిల్ల దగ్గర మనకెందుకని ఊరుకున్నాను.

"వయసు మీద పడేకొద్దీ ఇట్టా రెండో పక్కకు కారిపోతుంది. ఎడమ చేసే పనిలో కుడి వేలు పెడుతుంది. ఆ గోలలో మాట దొరకదు."

"మన అంజియ్య లాగా అన్నమాట," అన్నాను. అక్క పగలబడి నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ తర్వాత చాలాకాలం వినలేదు.

కరుణ తయారుచేసింది ఒక పల్చటి టోపీ. లోపలంతా వెంట్రుకల్లాంటి తీగలు. దానికి ఆమె పెట్టిన ఇంగ్లీషు పేరు నా నోరు తిరక్క కుళ్లాయి అన్నాను. వారం తిరక్కముందే ఆ పరిశోధనశాలలో అందరూ కుళ్లాయి అనే అన్నారు. అది చిన్న కరెంటు పంపి కుడి సగాన్ని గమ్మున కూర్చోబెడుతుంది. ముసలి మెదడు మళ్లీ కుర్రమెదడులా ఒంటిపక్క పనిచేస్తుంది.

అక్కను శబ్దం చొరబడని గదిలో ఒక్కదాన్నే కూర్చోబెట్టి, కరుణ మీట నొక్కింది. తెర మీద కుడి సగం దీపాలార్పేసిన వీధిలా చీకటైపోయింది. అక్క గంగిరేవు కథ మొదలుపెట్టింది. మాటలు గలగలా వచ్చేశాయి. పడవ వెనక్కి తిరిగింది. నేను ఊపిరి బిగబట్టాను. అక్క ఆగలేదు. రత్తి అవతలి ఒడ్డుకు చేరింది, చూరు మీదున్న ముసలామెను దించుకుంది, కథ కంచికి చేరింది. కరుణ గాజు అద్దానికి నుదురు ఆనించి ఏడ్చింది. అప్పుడు కొట్టాం చప్పట్లు.

మర్నాడు ఆదివారం, అక్క ఇంట్లో భోజనం. అక్క తల మీద కుళ్లాయి అట్టాగే ఉంది. చేపల పులుసు అదిరిపోయింది. నాకు నోరూరుకోదు కదా, "అక్కా, ఈ చేప మన అంజియ్య పాట విని తనంతట తనే గట్టుకొచ్చి చచ్చిపోయినట్టుందే" అన్నాను.

"కాదు, బజార్లో కొన్నాను," అంది అక్క.

నేను అంజియ్య వైపు చూశాను. అంజియ్య ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. అక్క మా ఇద్దరి ముఖాల వైపూ చూడకుండా, పులుసు వడ్డించి లోపలికి వెళ్లింది. అలిసిపోయిందిలే అనుకున్నాం.

ఆ తర్వాత మా ప్రదర్శన తెనాలిలో. మునిసిపల్ హాలు కిక్కిరిసిపోయింది. మెదడు కుదురుకున్న కథకురాలని పేపర్లో రాశారు కదా. అక్క తలపాగా కింద కుళ్లాయి పెట్టుకుంది. కథ మొదలైంది. చరణం కాగానే నేను నోరు తెరిచేసరికి ఆమె రెండో చరణంలో ఉంది. నేను ప్రశ్న వేస్తే జవాబు చెప్పకుండా దాటిపోయింది. అంజియ్య వంత ఒకచోట పడితే ఆమె మాట ఇంకోచోట పడింది. ఎదర వరసలో ఒక పెద్దాయన చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని తల వంచుకున్నాడు. కథ మొదట్నుంచీ ఆయన పక్క కుర్చీ ఖాళీగానే ఉంది, ఎవర్నీ కూర్చోనివ్వలేదు. మామూలుగా అయితే అక్క ఆయన్ని వదిలిపెట్టేది కాదు. ఆ పూట రత్తి మళ్లీ చూరు మీదున్న ముసలామెనే దించుకుంది. పరిశోధనశాలలో చెప్పిన ముగింపే, అక్షరం తేడా లేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పెద్దాయన లేచి వెళ్లిపోయాడు.

తెర వెనక అక్క గజ్జెలు విప్పుకుంటూ నన్ను అడిగింది.

"ఒరే సైదా, ఇయ్యాళ నువ్వు పక్కనే ఉన్నావా?"

"అదేందక్కా, ఎక్కడికి పోతాను?"

"ఏమో రా. నాకెవరూ తగల్లేదు. గోడకు చెప్పినట్టుంది." తలపాగా తీసి, కుళ్లాయి ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి ముఖంలోకి కళ తిరిగొచ్చింది. నా చెయ్యి పట్టుకుని అంది: "ఇది పెట్టుకుంటే కథ ఉంటది, మీరుండరు. తీసేస్తే మీరుంటారు, కథ ఉండదు. ఏది ఉంచుకోమంటావో చెప్పు."

జనాన్ని నవ్వించే మనిషికి అలాంటి ప్రశ్నలు వేయకూడదు.

కుళ్లాయి తీసేయడానికి కరుణ ఒప్పుకోలేదు. మర్నాడు పరిశోధనశాలలో తల్లీకూతుళ్లు గట్టిగానే అనుకున్నారు.

"జనం నిలబడి చప్పట్లు కొట్టారు కదమ్మా. ఒక్క మాట తప్పలేదు. ఇంకేం కావాలి నీకు?"

"వాళ్లు కొట్టారు. నాకు చేతులు కనబడ్డయ్యి, మనుషులు కనబళ్లేదు."

"కుడి సగం నిద్రపోతే హాస్యం, గొంతులో తేడాలు, ఎదుటివాళ్ల ముఖాలు పోల్చుకోవడం కొంచెం మందగిస్తాయి. అది నాకు తెలుసు. మాటలు పోవడం కంటే నయం కాదా?"

"నీకు తెలిసే పెట్టావా?" అంది అక్క మెల్లగా.

కరుణ ముఖం పాలిపోయింది. ఆ పిల్ల దురుద్దేశంతో చేయలేదని నాకు తెలుసు. తల్లి నోరు తెరుచుకుని మాట లేక నిలబడటం చూసిన పిల్ల ఏదైనా చేస్తుంది. పైగా ఇలాంటి కుళ్లాయిలు రాష్ట్రంలో ముసలివాళ్లందరికీ ఇవ్వాలని సర్కారు పెద్దలు నిర్ణయించారు. తయారీ మొదలవబోతోంది. ఇప్పుడు వెనక్కి తగ్గితే ఆమె ఇన్నేళ్ల పని నవ్వులపాలవుతుంది. ఆమె కుర్చీలో కూలబడింది.

"ఒక్కసారి ముగ్గురూ కథ చెప్పండి," అంది చివరికి. "అమ్మా, కుళ్లాయి పెట్టుకో. కరెంటు పంపను. ఊరికే చూస్తాను."

ఇక్కడొక సంగతి చెప్పాలి. అప్పటిదాకా అక్క మెదడును చూసిందంతా శబ్దం చొరబడని గదిలో, ఒంటరిగా. వాళ్ల పద్ధతే అది. బయటి చప్పుడు కలిస్తే కొలత చెడిపోతుందట. బుర్రకథ చెప్పే మనిషిని ఒక్కదాన్నే కూర్చోబెట్టి కథ చెప్పమనడం అక్కడ ఎవరికీ విడ్డూరంగా అనిపించలేదు. ఇంకో సంగతి, ఏ మెదడు బాగుందో ఏది బాగాలేదో తేల్చడానికి వాళ్లు పక్కన పెట్టుకుని పోల్చుకునేదంతా కాలేజీ పిల్లల మెదళ్లతోనే. పిల్లలైతే ఆవరణలోనే దొరుకుతారు, పిలిస్తే వస్తారు.

మేం ముగ్గురం ఆ గదిలో ఇరుక్కుని నిలబడ్డాం. కథ మొదలైంది. అంజియ్యకు కంగారెక్కువైతే కిళ్లీ నమలాలి. నోట్లో కిళ్లీ, చేతిలో డక్కీ. మొదట్లో బాగానే సాగింది. మధ్యలో ఒకచోట అంజియ్య కిళ్లీ మింగలేక, ఉమ్మలేక, వంత ఆలస్యం చేశాడు. అక్క గాల్లో నిలబడిపోయింది. మాట తప్పింది. నేను గబుక్కున వంత అందుకునేసరికి మాట మళ్లీ దొరికింది.

"ఆపండి," అంది కరుణ మైకులో.

అంజియ్య కిళ్లీ మింగేశాడు. తిట్లు పడతాయని మేం ముగ్గురం తల వంచుకున్నాం. కరుణ మా వైపు చూడటం లేదు. రికార్డయిన గీతల్ని వెనక్కి జరుపుతోంది, ముందుకు జరుపుతోంది, మళ్లీ వెనక్కి. ఆ తర్వాత పాత రికార్డులన్నీ తెరిచింది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది. మాకు ఆకలి దంచేస్తోంది గానీ అడగడానికి భయం.

ఎట్టకేలకు ఆమె మమ్మల్ని తెర దగ్గరకు పిలిచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇది ఎడమ సగం. కథ చెబుతోంది. దాని వెనకే, కనురెప్పపాటు తేడాతో, కుడి సగం వెలుగుతోంది చూశావా మావయ్యా? నేను దీన్నే కారిపోవడం అన్నాను. అమ్మకు మాట దొరికిన ప్రతిచోటా కుడి సగం సరైన సమయానికి వచ్చింది. దొరకని ప్రతిచోటా వచ్చింది, కానీ ఆలస్యంగా వచ్చింది. రెండు సగాల మధ్య ఉన్న వంతెన మీద వయసుతో నడక నిదానిస్తుంది. పాపం, అది పరిగెత్తుకుంటూనే వస్తోంది. అందుకోలేకపోతోంది."

కరుణ తెర మీది ఆ వెలుగును వేలితో తడిమింది.

"కుర్ర మెదడుకు బలముంది కాబట్టి ఒక్కటే చెప్పుకుంటుంది. ముసలి మెదడు వంతకు మనిషిని పెట్టుకుంది. నేను ఆ వంత గొంతు నొక్కాను," అని ముఖం చేతుల్లో దాచుకుంది.

అక్క దగ్గరకు వెళ్లి కూతురి తల పొట్టకు ఆనించుకుంది. "నొక్కితే నొక్కావులే. చచ్చిపోలేదుగా. ఇంద, ముందు అన్నం తిను, తరవాత దాన్ని లేపుదువు."

మర్నాడే కరుణ పెద్దల దగ్గరకు వెళ్లి తయారీ ఆపించింది. వాళ్లేమన్నారో మాకు చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం తల ఎత్తుకునే వచ్చింది.

తర్వాత నెలల తరబడి పని. ఈసారి కుళ్లాయి పని వేరు. ఎడమ సగం నోరు తెరవబోతోందని ముందే పసిగట్టి, కుడి సగాన్ని కాస్త ముందుగా తట్టి లేపాలి. అది బయల్దేరి వంతెన దాటి వచ్చేసరికి సరిగ్గా వేళవుతుంది. చెప్పినంత సులువుగా కాలేదు. ఒకసారి మరీ ముందుగా తట్టడంతో అక్క ఏ మాటా చెప్పకుండా కడుపు పట్టుకుని నవ్వుతూ కూర్చుంది. అడిగితే ఇంకా చెప్పని జోకుకు నవ్వు వస్తోందంది. ఇంకోసారి మరీ గట్టిగా తట్టడంతో అక్క కళ్లు గిర్రున తిరిగి నా మీద పడింది. నా నడుం పట్టేసింది. విజ్ఞానశాస్త్రానికి నేను ఇచ్చింది ఆ నడుమే. కరుణ మాత్రం విసుక్కోలేదు. ఈసారి ముసలివాళ్లను పిలిపించింది, వాళ్లనొక్కళ్లనే కాకుండా వాళ్లు రోజూ మాట్లాడుకునే మనుషులతో సహా. పరిశోధనశాల వరండా కల్లుపాకలా కళకళలాడిపోయింది.

ఆఖరికి ఆ రోజు వచ్చింది. కృష్ణా కరకట్ట దిగువన లంక ఊరు, బడి ఆవరణ, సాయంత్రం ఎండ ఇంకా చల్లారలేదు. ఆ ఊరివాళ్లు వరద అంటే ఏమిటో ఒకరు చెబితే తెలుసుకోవలసినవాళ్లు కాదు. జనం వెనక చింతచెట్టు కింద కరుణ ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని కూర్చుంది. నేను తంబురా అందిస్తూ, "అక్కా, ఇయ్యాళ నేనున్నానా?" అన్నాను.

"ఉన్నావు రా, కంపు కొడుతూ. ఆ సెంటెవడిచ్చాడు?" అంది. నా ప్రాణం లేచొచ్చింది.

కథ నడిచింది. అక్క ఊపిరి తీసుకునే జాగా మళ్లీ మా కోసం తెరుచుకుంది. వంత పడిన ప్రతిసారీ అక్క భుజం కొంచెం మా వైపు వాలేది. నా పిచ్చి ప్రశ్నలకు అంతకంటే పిచ్చి జవాబులు చెప్పింది. ఊరి జనం కుర్చీల్లోంచి జారి నవ్వారు. వరద పెరిగింది. రత్తి అందర్నీ దాటించింది. అవతలి ఒడ్డు నుంచి కేక వినబడింది. రత్తి పడవ వెనక్కి తిప్పింది.

అక్క ఆగిపోయింది.

నా గుండె జారి డక్కీలో పడింది. అంజియ్య నా వైపు చూశాడు. పిట్టకథ అందుకోనా వద్దా అని నా నాలుక పెదాల దాకా వచ్చింది. చింతచెట్టు కింద కరుణ లేచి నిలబడింది.

అప్పుడు చూశాను. అక్క నోరు తెరుచుకుని లేదు. ఆమె జనాన్ని చూస్తోంది. వరస వరసే చూస్తూ, అందర్నీ దాటి, చెట్టు కింద నిలబడ్డ కూతురి దగ్గర ఆగింది. పెదాల మీద చిన్న నవ్వు. అందెలు ఘల్లుమన్నాయి.

"ఒంటి తెడ్డు పట్టుకుని రత్తి నది నడుమ నిలిచె"

"తందాన తాన!"

"రెండో తెడ్డు విరిగి వరద నోట కొట్టుకుపోయె"

"తందాన తాన!"

ఇన్నేళ్లలో ఈ ముగింపు ఎప్పుడూ వినలేదు. ఒంటి తెడ్డుతో ఎంత వేసినా పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది. రత్తికి భుజాల్లో బలం తగ్గలేదు, అయినా పడవ ముందుకు పోవడం లేదు. ఒడ్డున రత్తి కూతురుంది. పట్నంలో చదువుకున్న పిల్ల. అమ్మ ఒక్కతే చాలు, అమ్మకు బలం వస్తే చాలని ఒడ్డునుంచి కేకలేస్తోంది. కేకలతో పడవ కదలడం లేదు. చివరికి ఆ పిల్ల పాత తెడ్డు ఒకటి వెతికి పట్టుకుని నీళ్లలోకి దూకింది. ఈదుకుంటూ వచ్చి పడవెక్కింది. తల్లి పక్కన కూర్చుంది.

"ఇటు తల్లి అటు బిడ్డ, ఇద్దరొక్క వేటు వేయ"

"తందాన తాన!"

"పడవ సూటిగ సాగెనురా, కేక వేసిన ఒడ్డు చేర"

అక్క ఊపిరి తీసుకుంది. మా జాగా వచ్చింది. నేను నోరు తెరిచాను. గొంతు పెగల్లేదు. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. నా జన్మలో మొదటిసారి వంత తప్పాను. అంజియ్య వైపు చూస్తే వాడు డక్కీ మీద తల ఆనించి వెక్కుతున్నాడు. అక్క ఒంటరిగా గాల్లో నిలబడింది.

నిలబడింది రెప్పపాటే. చింతచెట్టు కిందనుంచి ఒక గొంతు వచ్చింది. సరిగ్గా వేళకు, ముందూ కాదు, ఆలస్యమూ కాదు. డక్కీల సంచి మీద నిద్రపోతూ నేర్చుకున్న గొంతు.

"తందాన తాన!"

ఆ వెనకే ఊరు ఊరంతా అందుకుంది. పిల్లలు, ముసలివాళ్లు, గోడెక్కి కూర్చున్నవాళ్లు. కరకట్ట మీద పోతున్న ట్రాక్టరు ఆగిపోయింది. మూడేళ్ల తర్వాత రత్తి నిజంగా ఒడ్డెక్కింది.

కరుణ కంప్యూటరు ఎత్తి మా వైపు తిప్పింది. అంత దూరం నుంచి నాకు గీతలూ అంకెలూ కనబడలేదు. రెండు పక్కలా వెలుగు మాత్రం కనబడింది.

అక్క తంబురా ఆపకుండానే నా వైపు వంగి, జనానికి వినబడేంత గట్టిగా అంది.

"ఏందిరా సైదా, ఊరంతా వంత పాడుతుంటే నువ్వు ఏడుస్తా కూర్చున్నావు? అమ్మాయ్, నీ కుళ్లాయి ఇంకోటుంటే పట్రా. వీడికి రెండు పక్కలా ఖాళీగానే ఉన్నట్టుంది."

జనం విరగబడి నవ్వారు. నేను ముక్కు తుడుచుకుని డక్కీ మీద దెబ్బ వేశాను.